అయినా

మా బాబాయి పోయాక ఊరి బడిలో సంస్మరణ సభ పెట్టారు. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పిన మాస్టారు. మాట్లాడినవాళ్లంతా ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. మొదటాయన గొంతు గద్గదమై, “మాస్టారు నాస్తికుడైనా ఎంతో మంచివాడు” అన్నాడు. తరవాతి ఆయన, “పైకి ఒప్పుకోలేదు గానీ, మనుషుల్లోనే దేవుణ్ణి చూశారు” అన్నాడు. ఇద్దరూ ప్రేమతోనే అన్నారు. నా మనసు మాత్రం ఆ ‘అయినా’ దగ్గర ఆగిపోయింది.

“బీదవాడైనా నిజాయితీపరుడు” అంటాం. బీదవాడికి నిజాయితీ ఉండదని లోపల అనుకున్నాకే ఆ మాట వస్తుంది. “నాస్తికుడైనా మంచివాడు” కూడా అంతే. తిట్టయితే ఎదురు చెప్పొచ్చు. మెచ్చుకోలులో దాగిన నిందకి ఏమని బదులు చెప్పాలి? రెండో మాట ఇంకా కష్టం. మంచితనం కనబడగానే దాన్ని దేవుడి ఖాతాలో వేసేస్తే, బతికినంతకాలం ఆయన చెప్పుకున్న మాటకి విలువేముంది?

ఈ ముద్ర ఈనాటిది కాదు. పూర్వం ‘నాస్తి’ అన్నది దేవుడొక్కడి గురించే కాదు. పాణిని సూత్రానికి వ్యాఖ్యానం రాసినవాళ్లు పరలోకం లేదనేవాణ్ణి నాస్తికుడన్నారు. మనుస్మృతి వేదాన్ని నిందించేవాణ్ణి అంది. అందుకే బౌద్ధులూ జైనులూ నాస్తికుల్లో చేరారు. సృష్టికర్త అవసరం లేదన్న మీమాంసకులు వేదాన్ని నమ్మారు కాబట్టి ఆస్తికులుగా మిగిలారు. అంటే, ఎవరు గీత గీస్తే ఆ గీతకి అవతల ఉన్నవాడు నాస్తికుడు. వాల్మీకి అయోధ్యాకాండలో జాబాలి, పరలోకం లేదు, తిరిగి వచ్చి రాజ్యం ఏలుకోమని రాముడికి చెబుతాడు. రాముడు ఆగ్రహించేసరికి, తాను నాస్తికుణ్ణి కానని, ఆయన్ని వెనక్కి తీసుకెళ్లడానికే అలా అన్నానని సర్దుకుంటాడు. అంతటి ఋషి కూడా మోయడానికి జంకిన పేరది.

ఆ పేరునే గోరాగారు గుమ్మానికి బోర్డుగా కట్టారు. గోరా అంటే గోపరాజు రామచంద్రరావు. వృక్షశాస్త్రం బోధించే ఆయన, దేవుడి భావన మీద వ్యాసం రాసినందుకు 1933లో కాకినాడలో ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడకి వచ్చింది. నాస్తికులంటే కమ్యూనిస్టులే అనేవాళ్లున్నారు. కానీ గోరా గాంధీగారి వెంట నడిచారు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు. ఆ లవణంగారు 1960లో దళిత కవి జాషువాగారమ్మాయి హేమలతను పెళ్లాడారు. కులం గోడ ముందు నిలబడ్డప్పుడు ఆ ఇంటివాళ్లు ఏం చేశారన్నది చూస్తే, ‘లేదు’ అనే మాటలో ఎంత ‘ఉందో’ తెలుస్తుంది.

నాస్తికుడనడం బాగోదని కొందరు ‘హేతువాది’, ‘మానవవాది’ అంటారు. త్రిపురనేని రామస్వామి చౌదరిగారిని మనం హేతువాదిగానే తలుచుకుంటాం. అవి మంచి మాటలే, కానీ ఒకటి కాదు. దేన్ని ఒప్పుకోడో నాస్తికుడన్న మాట చెబుతుంది. నిజాన్ని ఎలా తేల్చుకుంటాడో హేతువాది అన్నది చెబుతుంది. ఎవరి మేలు ముఖ్యమో మానవవాది అన్నది చెబుతుంది. ఒక మనిషి మూడూ కావచ్చు. ఏ పేరుతో పిలిపించుకోవాలో ఆ మనిషే చెప్పాలి.

సభ అయ్యాక పక్కింటావిడ పిన్నిని ఓదారుస్తూ, “మీ పూజకి రోజూ పూలు కోసిచ్చేవారు కదండీ, లోపల భక్తి ఉండే ఉంటుంది లెండి” అంది. పిన్నికి మోకాళ్ల నొప్పులు. పొద్దున్నే బాబాయే నందివర్ధనాలు ఒక్కొక్కటీ తొడిమతో తుంచి, రేకు నలక్కుండా సజ్జలో పరిచి, పూజగది గడప దగ్గర పెట్టి వెళ్లడం చిన్నప్పట్నుంచీ చూశాను. గడప దాటేవారు కాదు.

పిన్ని కళ్లు తుడుచుకుంది. “దేవుడి కోసం కాదమ్మా, నా కోసం కోశారు. నేను వంగలేనని. ఆయన నాస్తికుడు, మంచివాడు. రెండూ నిజమే” అంది.

ఆ రెండు మాటల మధ్య పిన్ని ‘అయినా’ పెట్టలేదు.