రాళ్ళు కడిగిన రోజులు

ఫిబ్రవరి 2, 2025, ఆదివారం
మేనల్లుడికి చేపల తొట్టిలో పేర్చుకోడానికి రాళ్ళు కావాలి. భావనపాడు తీరంలో ఎంత వెతికినా దొరికేది ఇసకే. హార్బరు కోసం పోసిన రాళ్ళగట్టు ఉంది గానీ, అలల్ని ఆపే రాయిని పీకితే ఊరికే నష్టం. గట్టు కింద చెదిరి పడ్డ చిన్న ముక్కలే ఏరాం. వల బాగుచేసుకుంటున్న ముసలాయన, "ఏటి బావూ, సేపలైపోనాయా, రాళ్ళేరతన్నారు?" అన్నాడు. "సేపల కోసమే తాతా" అన్నాడు మావాడు. ఆయన నమ్మలేదు.

అదే రాత్రి
రాళ్ళకి తెల్లటి గుల్లలు కరుచుకుని ఉన్నాయి. వాటి మీద చెంచాతో వెనిగర్ పోశాం. గుల్ల అంచున సూదిమొనంత బుడగలు వరసకట్టి లేచాయి. చెవి దగ్గరపెట్టుకుంటే సన్నగా సుయ్యిమంటోంది. పక్కనే రాతి మీద పడ్డ చుక్క మాత్రం ఊరికే తడిగా ఉండిపోయింది. సున్నపు గుల్లకి పులుపు తగిలితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఆ గుల్లే తొట్టిలో ఉంటే మెల్లగా కరిగి నీటి కాఠిన్యాన్నీ పీహెచ్‌నీ పెంచుతుంది. గప్పీలకైతే ఫర్వాలేదు. ఆఫ్రికాలోని మలావీ, టాంగన్యికా సరస్సుల చేపలు పెంచేవాళ్ళు సున్నపురాయి కోరి మరీ వేస్తారు. మావాడివి నియాన్ టెట్రాలు, అమెజాన్ మెత్తనీళ్ళ జాతి. గుల్లలన్నీ గీకించాను. బుడగలు రాకపోయినంత మాత్రాన సున్నం లేదనుకోడానికీ లేదు. డోలమైట్ లాంటి రాయి వెనిగర్‌కి సరిగ్గా పలకదు.

ఫిబ్రవరి 4, రథసప్తమి
అరసవల్లి సూర్యదేవుడి గుడికి వెళ్ళలేదు. మా అప్ప పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టి రాళ్ళు ఉడికించేస్తానంది. వద్దన్నాను. పొరల్లో, పగుళ్ళలో చిక్కుకున్న నీరు ఆవిరైతే రాయి పేలచ్చు. "రాయి పేలడమేటిరా?" అంది. గిన్నె మాత్రం దించింది. సబ్బు కూడా వద్దన్నాను, రాతి రంధ్రాల్లో ఇంకితే ఎంత కడిగినా పోదు. బకెట్లో మంచినీళ్ళు, గట్టి బ్రష్షు చాలు. నీళ్ళు రోజూ మార్చాలి. నౌపాడ ఉప్పుమడుల్లో నీరు ఆవిరై ఉప్పు మిగిలినట్టే రాతి పగుళ్ళలోనూ మిగిలి ఉంటుంది కదా, ఆ ఉప్పు బయటికి రావాలి.

ఫిబ్రవరి 6
పాసి పట్టిన రెండు రాళ్ళకి బ్లీచింగ్ పౌడరు వేద్దామన్నాడు మావాడు. ఊళ్ళో నూతుల్లో చల్లే పౌడరు తడిసున్నానికి క్లోరిన్ పట్టించి చేసేదే. సున్నం వదిలించడానికి ఇంత తంటాలు పడి మళ్ళీ సున్నం పూయడమా? సోడియం హైపోక్లోరైట్ ద్రావణం నయం, బాగా పలచన చేసి. తరవాత కడిగి, యాంటీ క్లోరిన్ కలిపిన నీళ్ళలో నానబెట్టి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో ఆరబెట్టాలి. ఆ బకెట్లో వెనిగర్ గానీ బాత్రూం యాసిడ్ గానీ పడకూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో ఈప్ర్ దగ్గర వదిలింది ఆ వాయువునే. పిల్లాడికి ఈ ముక్క రెండుసార్లు చెప్పాను.

ఫిబ్రవరి 9, టెక్కలి
జీడితోటలు పూత మీదున్నాయి. గ్రానైట్ ముక్కల కోసం వచ్చాం. నీలి గ్రానైట్‌లో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ ఎక్కువ, నీళ్ళకి లొంగేవి కావు. నున్నగా పాలిష్ పట్టినవి వదిలేశాం, వాటికి రెసిన్ పూత ఉండచ్చు. రంపపు బురద ఎండి తెల్లగా పేరుకున్న ముక్కల్ని నీటి ధార కింద పెట్టి తోమాలి.

దారి పక్కన ఎర్రబారిన ఖొండలైట్ ముక్క ఒకటి కనపడింది. ఖొండు గిరిజనుల పేరుతో 1902లో భూగర్భ శాస్త్రవేత్త వాకర్ పెట్టిన పేరది. విరిస్తే లోపల ఆవగింజంత ఎర్ర గార్నెట్లు. మన తీరపు ఇసకలో ఎర్రగా మెరిసే చారలు ఇలాంటి రాళ్ళు అరిగి వచ్చినవే. ఎంత ముద్దొచ్చినా తొట్టికి పనికిరాదు, గోటితో గీకితే పొడి రాలుతోంది. తుప్పు మరకలున్నవి, ఆకుపచ్చ చారలున్నవి, లోహంలా మెరిసే నరాలున్నవి కూడా పక్కన పడేశాం. ఆకుపచ్చ రాగిదై ఉండచ్చు, రాగి చేపలకి విషం. కడిగితే పోయేది పైనుండే మురికి, రాయే తేడా అయితే బ్రష్షు ఏం చేస్తుంది?

ఫిబ్రవరి 16
రాళ్ళని విడివిడిగా వేసి, మార్చకుండా వారం రోజులు ఉంచిన నీటికి పీహెచ్, కాఠిన్యం రెండూ చూశాం. గ్రానైట్ నీళ్ళలో తేడా లేదు. గట్టు ముక్కల్లో ఒకదాని దగ్గర కాఠిన్యం పెరిగింది, దాని పగుల్లో గుల్ల ఇంకా దాగుంది. ఆ ముక్క అప్ప తులసికోట పక్కకి చేరింది. మిగతావి ఇసక పోయకముందే అడుగున కుదురుగా పేర్చి, పక్క గాజులకి తగలకుండా చూశాం. ఇసక మీద పెడితే, తవ్వే చేపలున్న తొట్టిలో దొర్లుతాయి.

ఫిబ్రవరి 27
రాళ్ళ మీద గోధుమరంగు పొర. కొత్త తొట్టిలో మామూలే, డయాటమ్‌లు. అప్ప బ్రష్షు తీసింది. నత్తలు తెద్దాం, ఆగమన్నాను.