దించడం తెలియని డ్రైవరు

మొన్న అర్ధరాత్రి అక్కావాళ్లని తీసుకురావడానికి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి వెళ్లాను. ఫ్లైటు రెండు గంటలు లేటు. చేతిలో టీ, బుర్రలో వారం రోజులుగా వదలని ఒక బగ్గు.

మా డ్రైవర్లో ఒక టైమర్ ఉంది. సెకనుకోసారి హార్డ్‌వేర్ స్టేటస్ చూసి, తనని తానే మళ్లీ సెట్ చేసుకుంటుంది. ఎగ్జిట్ ఫంక్షన్లో డెల్_టైమర్ పిలిచి, మెమరీ ఫ్రీ చేసి చేతులు దులుపుకున్నాను. కానీ ఆ కాల్ క్యూలో ఉన్న టైమర్ని తీసేస్తుందే గానీ, అప్పటికే ఇంకో సీపీయూ మీద నడుస్తున్న కాల్‌బ్యాక్ కోసం ఆగదు. కాల్‌బ్యాక్ సగంలో ఉండగానే దాని కాళ్లకింద కోడ్ మాయం. ఇంకేముంది, కెర్నల్ ఊప్స్!

నిజం ఒప్పుకోవాలి. నాలుగు నెలల క్రితం ఈ క్రాష్ మొదటిసారి వచ్చినప్పుడు నేను చేసిన ఘనకార్యం, అక్కడ వంద మిల్లీసెకన్ల ఎంస్లీప్ పెట్టడం. టెస్టులన్నీ పాసయ్యాయి. పోయిన వారం ఒక కస్టమర్ దగ్గర మెషిన్ మీద లోడ్ ఎక్కువున్నప్పుడు, పాత డ్రైవర్ దించి కొత్తది ఎక్కించే టైములో మళ్లీ వచ్చింది. ఆ రాత్రంతా ఫోన్లో మాటలు పడింది నేను కాదు, మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు. నేను కోడ్‌లో పెట్టిన నిద్రకి వాడు నిద్ర మానుకున్నాడన్నమాట.

"రెఫరెన్స్ కౌంట్ ఉంది కదన్నా, అది కాపాడదా?" అనడిగాడు. మంచి ప్రశ్నే.

2.4 కెర్నల్ రోజుల్లో మాడ్యూలే లోపల కూర్చుని తన కౌంట్ తను పెంచుకునేది. పెంచేలోపే ఎవరైనా దించేస్తే అంతే సంగతులు. 2003 డిసెంబర్లో వచ్చిన 2.6లో లెక్క బయటికి మారింది. లోపలికి వెళ్లేవాడే ముందు ట్రై_మాడ్యూల్_గెట్ పిలవాలి, దించడం మొదలైతే అది కుదరదంటుంది. బోర్డింగ్ గేటు దగ్గర లెక్కపెట్టడం లాంటిదే. కానీ టైమర్లు, వర్క్ ఐటమ్‌లు, ఆర్‌సీయూ కాల్‌బ్యాక్‌లు ఆ గేటుగుండా పోవు. అవి చెకిన్ చేసిన బ్యాగుల్లాంటివి. మనిషి విమానం ఎక్కకపోతే అతని బ్యాగు వెతికి మరీ దింపుతారు. మన బ్యాగులు మాత్రం మనమే దింపుకోవాలి.

కాబట్టి వరస ముఖ్యం. ముందు అన్‌రిజిస్టర్ చేసి కొత్తవాళ్లని ఆపాలి. తర్వాత ఫ్రీ_ఐఆర్‌క్యూ, నడుస్తున్న హ్యాండ్లర్ పూర్తయ్యేదాకా అది ఆగుతుంది. ఆపైన టైమర్_షట్‌డౌన్_సింక్, క్యాన్సిల్_వర్క్_సింక్. వీటిలో 2023లో 6.2తో వచ్చిన మొదటిది టైమర్ని మళ్లీ ఎవరూ లేపకుండా కూడా చూస్తుంది. కాల్‌బ్యాక్ తీసుకునే లాక్‌ని మీరు పట్టుకుని దీన్ని పిలిస్తే మాత్రం ఇద్దరూ ఇరుక్కుపోతారు. కాల్_ఆర్‌సీయూ వాడుంటే ఆర్‌సీయూ_బ్యారియర్ తప్పదు. సింక్రనైజ్_ఆర్‌సీయూ చదివేవాళ్ల కోసమే ఆగుతుంది, క్యూలో ఉన్న కాల్‌బ్యాక్‌ల కోసం కాదు. పాల్ మెకెన్నీ 2007లోనే దీనిమీద వివరంగా రాశాడు. ఇవన్నీ అయ్యాకే ఫ్రీ.

అక్కడ కూర్చుంటే బేగంపేట గుర్తొచ్చింది. 2008 మార్చి 23న ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్‌కి మారాయి. టికెట్ మీద హెచ్‌వైడీ మాత్రం అలాగే ఉంది. పాయింటర్ అదే, చూపించే చోటు మారిందంతే! కానీ బేగంపేట రన్‌వేని ఎవరూ తవ్వెయ్యలేదు, ఇప్పటికీ వాడుతున్నారు. దారి తప్పిన పైలట్‌కి కనీసం నేల ఉంటుంది. మన కాల్‌బ్యాక్ తిరిగొచ్చేసరికి అక్కడ నేలే ఉండదు.

డ్రైవర్ లోడవ్వడం అందరం చూస్తాం, డెమో ఇస్తాం. దించడం ఎవరూ చూడరు. వంద మిల్లీసెకన్లు ఆగడం అంటే లోపలివాడు వెళ్లిపోయుంటాడని అనుకోవడం. వెళ్లాడో లేదో కనుక్కోవడం వేరే పని.

సోమవారం ఆ ఎంస్లీప్ తీసేస్తూ ప్యాచ్ పంపాను. అది పెట్టింది నేనేనని కమిట్ మెసేజ్‌లో రాశాను. రివ్యూ కుర్రాడికే ఇచ్చాను. రెండు తప్పులు పట్టాడు!