రాతిలో తిట్టు, నేల మీద గుర్తు

మ్యూనిక్‌లో నర్సుగా చేస్తున్న మా చెల్లి తన జీతంతో డాన్యూబ్ నది మీద క్రూజ్‌కి టికెట్లు కొంది. ఊళ్లు చూడ్డానికని పడవెక్కింది మా ఇంట్లో మేమే మొదలు.

జర్మనీలోని రేగెన్స్‌బుర్గ్‌లో దిగాం. గైడ్ 12వ శతాబ్దపు రాతి వంతెన, దాని పక్కనే ఉన్న సాసేజ్‌ల హోటలు, కెథడ్రల్ అన్నీ గబగబా చూపించేశాడు. కెథడ్రల్ దక్షిణపు గోడ దగ్గర మాత్రం ఆగలేదు. చెల్లి నన్ను ఆపింది. "పైకి చూడక్కా."

ఆడపంది. దాని పొదుగు పట్టుకుని యూదులు. వాళ్ల మతంలో పంది నిషిద్ధం. రాతిలో చెక్కిన తిట్టు అది. అదీ ఎటువైపు? యూదుల వాడ ఉన్న వైపు. వాడ దాటి వస్తే కంటపడాలని! దగ్గర్లో ఇప్పుడు వివరణ పలక పెట్టారు. బొమ్మ మాత్రం తియ్యలేదు. ఉండాలా తియ్యాలా అన్నది జర్మనీలో ఇంకా తేలని గొడవే. నన్నడిగితే, పలక కనపడేంత పెద్దదిగా ఉంటే బొమ్మ ఉండనివ్వచ్చు.

ఇక ఆ వాడ లేదు. 1519 జనవరిలో మాక్సిమిలియన్ చక్రవర్తి చనిపోయాడు. యూదులకున్న కాస్త అండా పోయింది. ఫిబ్రవరిలో నగర మండలి వెళ్లగొట్టేసింది: ప్రార్థనా మందిరం ఖాళీ చెయ్యడానికి రెండు గంటలు, ఊరు విడవడానికి అయిదు రోజులు. ఆ కబురు చెప్పడానికి వెళ్లినవాళ్లలో ఆల్బ్రెష్ట్ ఆల్ట్‌డోర్ఫర్ ఒకడు. గొప్ప చిత్రకారుడు, మండలి సభ్యుడు కూడా. కూల్చేముందు ఆ మందిరం బొమ్మలు రెండు గీసి అచ్చువేశాడు. ఎంతో శ్రద్ధగా గీశాడు. కళాకారుడి మనసు మెత్తన అని క్లాసుల్లో చెప్పే మా బాపతు మాస్టార్లు ఆ రెండు బొమ్మలూ ఒకసారి చూడాలి.

మందిరం పోయిన చోట మేరీమాత గుడి లేచింది. జనం తండోపతండాలుగా యాత్రకొచ్చారు. తర్వాతి కాలంలో యూదులు ఊళ్లోకి తిరిగొచ్చి, 1912లో కొత్త మందిరం కట్టుకుంటే దాన్ని 1938 నవంబరులో నాజీలు తగలబెట్టారు.

పాత మందిరం ఉన్న నోయ్‌ప్ఫార్‌ప్లాట్జ్ కూడలికి వెళ్లాం. 1995 నుంచి తవ్వితే పునాదులు బయటపడ్డాయి. 2005లో ఇజ్రాయెల్ శిల్పి డాని కరవాన్ అదే చోట ఆ మందిరం నేలప్లానునే తెల్ల కాంక్రీటులో పరిచాడు. పిల్లలు దాని మీద గెంతుతున్నారు. ఒకావిడ కూర్చుని ఐస్‌క్రీం తింటోంది. నాకు కోపం రాలేదు. ఊరి మధ్యలో, ఊరే ఒప్పుకుని పెట్టిన గుర్తు కదా. 1991లో చుండూరులో చంపబడ్డవాళ్లను పట్టుబట్టి ఊరి నడిబొడ్డున సమాధి చేసుకున్నది మనవాళ్లే. ఆ రక్తక్షేత్రాన్ని ఊరు పెట్టలేదు.

ఓడ దగ్గరికి తిరిగొస్తుంటే ఒక ఇంటి గోడలో, కిటికీ పక్కన, హీబ్రూ అక్షరాల రాయి కనపడింది. 1519లో యూదుల శ్మశానంలోంచి పెరికి విజయచిహ్నాల్లా గోడల్లో పొదిగిన సమాధి రాళ్లు ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. చెల్లి వేలితో అక్షరాలు తడిమింది. ఎవరి పేరో మా ఇద్దరికీ చదవడం రాలేదు.