నూగు

ఉద్యోగ విరమణానంతరం హుకుంపేటలో పెరటినిండా బెండ వేశాను. కోసేటప్పుడు చేతులు దురదపెట్టవని నున్నని ఆకుల రకాన్నే ఏరి కొన్నాను. నెల తిరిగేసరికి ఆకుల అంచులు పసుపెక్కి, దోనెలవలె ముడుచుకొని, ఎర్రబారి మాడిపోయాయి. ఆకు తిరగేస్తే అడుగున పచ్చదోమ పిల్లలు, పక్కవాటుగా పరుగులు! రెండుమార్లు మందు కొట్టాను. తినే కూరపై మూడోమారు కొట్టడానికి మనసొప్పలేదు.

పొరుగింటామె ఏటేటా గింజ దాచుకొని వేసే నాటు బెండ మాత్రం పచ్చగా నిలిచింది. "మీ ఆకు నున్నన మాస్టారూ, మాది గరుకు" అన్నది. చదువరులు నవ్వవద్దు; "రోమశము" అన్న పదానికి జీవితమంతా అర్థం చెప్పిన నాకు దాని ప్రయోజనం అప్పుడు తెలిసింది. ఈనెలపై దట్టంగా నిక్కిన నూగు పచ్చదోమను రసం పీల్చనీయదు, ఈనెలో గుడ్డు దించనీయదు.

అయితే నూగుతోనే అన్నీ తీరవు. పత్తిలో నూగాకు రకాలనే తెల్లదోమ ఎక్కువగా ఆశ్రయిస్తుంది. బెండకు పల్లాకు తెగులు మోసుకొచ్చేదీ ఆ తెల్లదోమే. ఆ తెగులును తట్టుకొనేందుకు బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారు అడవిజాతి బెండతో సంకరపరచి అర్క అనామికను రూపొందించారు. కాలక్రమాన అదీ లొంగసాగింది.

ఈ తొలకరికి పొరుగింటామెను గుప్పెడు గింజలు అడిగి తెచ్చుకున్నాను. కాయలు కోస్తుంటే చేతులు దురదపెడుతున్నాయి.