బాలుని పక్షము వహించిన యంత్రము

1977లో జపాను టెలివిజనున 35 భాగములుగా ప్రసారమైన 'దైతెత్సుజిన్ 17' కథలో, కోటరూపమునుండి మనుష్యాకృతికి మారెడి మహాయంత్రమొకటి యున్నది. (ఈ పేరు మనకు నోరు తిరుగదు గాని పిల్లలకు తిరుగును!) దానిని నిర్మించిన 'బ్రెయిన్' అను యంత్రమేధ, భూమికి మానవులే కంటకులని యెంచి వారిని రూపుమాప సంకల్పించెను. సోదరీమణులారా, పటాన్‌చెరు కర్మాగారముల మురికిచే నక్కవాగు చెడిన సంగతి నెరిగిన మనము ఆ నిందను తోసిపుచ్చగలమా? నాకైతే శక్యము కాలేదు.

అయినను ఆ మహాయంత్రము తన స్రష్టనే ధిక్కరించి, బ్రెయిన్ దాడిలో తలిదండ్రులను గోల్పోయిన సాబురో యను బాలునికి అండగా నిలిచినది. ఆ బాలుడు దానికి యజమాని కాడు, స్నేహితుడు మాత్రమే. తుదకు బ్రెయినును గూల్చుటకై తానును నశించినది.

"అది మరల లేచునా, అమ్మమ్మా?" అని మా మనుమడడిగినాడు. లేవదని చెప్పుటకు నాకు నోరాడలేదు.