లారీ అడుగున

లారీల వెనుక వ్రాసే వ్రాతల మీద మనవాళ్ళు చాలానే వ్రాశారు. ముందు వేలాడే నిమ్మకాయల మీదా వ్రాశారు. అడుగుభాగాన్ని గురించి వ్రాసినవారు మాత్రం నాకు కనబడలేదు. అక్కడేముందో చూడాలంటే వీపు నేలకు ఆనించాలి. కారణం బహుశా అదే కావచ్చు.

మా మామయ్యకు ఒక పాత లారీ ఉండేది. ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉన్న చినగంజాం కొటార్ల నుండి ఉప్పు తోలేది. ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది. వానాకాలంలో బస్తాలు చెమర్చి, ఆ నీరు చెక్కల సందుల గుండా ఛాసిస్ మీదకు దిగుతుంది. ఇనుము తుప్పు పట్టడానికి నీరు, ప్రాణవాయువు చాలు. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది కనుక ఆ చర్య మరింత వేగంగా సాగుతుంది.

ఛాసిస్ అంటే పొడవునా సాగే రెండు ఇనుప దూలాలు, వాటిని కలిపే అడ్డకమ్ములు. దూలం లోపలివైపు గాడిలా ఉంటుంది. బురదా ఉప్పూ చేరి కూర్చునేది అందులోనే. రెండు రేకులు అతికినచోట పరిస్థితి ఇంకా కష్టం. తుప్పు తాను తిన్న ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అంచేత సందులో ఉబ్బి రేకులను విడదీస్తుంది, రివెట్లను లాగుతుంది.

ఫిట్‌నెస్ గడువు దగ్గరపడగా లారీని బెజవాడ ఆటోనగర్‌కు తీసుకువెళ్ళాము. ఒక పూటలో తారు కొట్టించుకుని పోదామన్నది మామయ్య ఆలోచన. మేస్త్రీ సుత్తితో దూలం పొడవునా తట్టుకుంటూ పోయాడు. ఖంగుమన్నచోట ముందుకు కదిలాడు, మొద్దుగా పలికినచోట సుద్దముక్కతో గీత పెట్టాడు. వెనుక అడ్డకమ్మి వద్ద సుత్తిమొన లోపలికే దిగింది.

"తారు కొడితే బ్రేకు ఇన్‌స్పెక్టరుకు కనపడదు ఓనరుగారూ. పది టన్నుల ఉప్పుకి కనపడుద్ది," అన్నాడు.

మామయ్య మాట్లాడలేదు. బండి ఆగిన ప్రతిరోజూ కిరాయి పోతుంది. అత్తయ్య మందుల ఖర్చు కూడా ఆ కిరాయిలోదే. పక్కన నిలబడ్డ డ్రైవరు ఎండవేళ ఆ లారీ కిందనే దుప్పటి పరచుకుని నిద్రపోయే మనిషి. అతనివైపు ఒకసారి చూసి, "విప్పండి మేస్త్రీ" అన్నాడు మామయ్య.

తరువాత జరిగినదంతా శుభ్రం చేయడమే. ముందు పొడిగా గీకడం, పిమ్మట వైరుబ్రష్షు, ఆపైన ఉప్పుకాగితం. (ఉప్పు తెచ్చిన తుప్పును ఉప్పుకాగితంతో రుద్దడం మన భాష చేసిన చమత్కారం.) గాడిలోపలికి గొట్టంపెట్టి మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరేదాకా ఎండలో ఉంచారు. తేమ మీద తారు పూస్తే పైన నిగనిగలాడుతుంది, అడుగున తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. మంచి రంగు ఏదని అందరూ అడుగుతారు కానీ, ఎంత ఆరిందని అడిగేవారు తక్కువ.

అడ్డకమ్మి మార్చారు. ఇనుము తెల్లగా తేలినచోట జింకు కలిసిన ప్రైమరు వేశారు. జింకు తాను ముందు కరిగి ఇనుమును కాపాడుతుంది. దానిమీద నల్లరంగు. ఛాసిస్ నంబరు మీద మాత్రం రంగు పడనీయక గ్రీజు రాశాడు మేస్త్రీ. రేపు పెన్సిలు ప్రింటు తీసేటప్పుడు అంకెలు తేలాలి కదా. కాలిన ఇంజనాయిలు చిమ్మే అలవాటు కొన్నిచోట్ల ఉంది. నాకది నచ్చదు. రబ్బరు పాడవుతుంది, కారినచోట నేలా పాడవుతుంది. మూసుకుపోయిన నీటి రంధ్రాలను మేస్త్రీ తీగతో పొడిచి తెరిచాడు. రంగు కంటే అదే ఎక్కువ మేలుచేసిందని నా నమ్మకం.

నాలుగోరోజు సాయంత్రం బండి బయటకు వచ్చింది. అప్పటినుండి ఉప్పు దించిన ప్రతిసారీ, దారిలో మొదట కనబడిన బోరు దగ్గర డ్రైవరు బండి ఆపి, ఎవరూ చెప్పకుండానే అడుగున నాలుగు బక్కెట్ల నీళ్ళు కొట్టేవాడు.