దీవికి పడవ టిక్కెట్టు

పిల్లలూ, గ్రీసు దేశపు పటం ఎప్పుడైనా చూశారా? నీలిరంగు సముద్రం మీద ఎవరో గుప్పెడు బియ్యం చల్లినట్టు ఎటుచూసినా దీవులే! చిన్నవీ పెద్దవీ కలిపి ఆరువేల దాకా ఉన్నాయి. కాని మనుషులు కాపురముండేవి 230 దాకా మాత్రమే. మనం బస్సు ఎక్కినట్టు అక్కడివాళ్ళు ఒక దీవి నుంచి మరొక దీవికి ఓడ ఎక్కుతారు. ఏథెన్సు నగరానికి ఆనుకుని ఉన్న పిరేయస్ రేవులో రోజూ ఎన్నో ఓడలు బయలుదేరుతాయి. ఆగస్టు నెలలో జనం తీర్థానికి వచ్చినట్టు వస్తారు కనుక టిక్కెట్టు ముందే కొనుక్కోవాలి. ఆ టిక్కెట్టు మీద ఎక్కేవాళ్ళ పేరు కూడా ఉంటుంది. అయితే ఆ వేసవిలోనే ఉత్తరపు గాలి జోరుగా వీస్తుంది. గాలి హద్దు మీరితే, టిక్కెట్టు చేతిలో ఉన్నా సరే, ఓడను రేవు దాటనివ్వరు.

గ్రీసు చాలా దూరం కదా అని విచారించకండి. నెల్లూరు తీరానికి దక్షిణపు కొసన మనకూ దీవులున్నాయి.

నెల్లూరు నుంచి మద్రాసు వైపు వెళ్ళే రైలులో నాయుడుపేట దాటితే సూళ్ళూరుపేట, ఆ తరువాత తడ వస్తాయి. ఈ ఊళ్ళు చాలాకాలం నెల్లూరు జిల్లాలోనే ఉండి, 2022లో తిరుపతి జిల్లాలో చేరాయి. వీటికి తూర్పున ఉన్నదే పులికాట్ సరస్సు. మన దేశంలోని ఉప్పునీటి సరస్సులలో ఒడిశాలోని చిలక తరువాత ఇదే పెద్దది. స్వర్ణముఖి, కాళంగి నదుల నీరు ఒక పక్క నుంచీ, సముద్రపు నీరు ఇంకొక పక్క నుంచీ వచ్చి ఇందులో కలుస్తాయి.

సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ గోడ కట్టినట్టు పొడుగ్గా పడుకుని ఉన్న దీవి శ్రీహరికోట. 1971లో ఒక రోహిణి రాకెట్టు, 2023లో చంద్రయాన్-3 ఎగిరింది ఇక్కడి నుంచే. సూళ్ళూరుపేట నుంచి సరస్సు మీదుగా రోడ్డు ఉన్నది కనుక ఈ దీవికి పడవ అక్కరలేదు. చలికాలంలో ఆ రోడ్డు వెంట పొడుగు కాళ్ళ ఫ్లెమింగో పక్షులు బారులు తీరి నిలబడతాయి. వేనాడు అనే మరొక దీవిలో పేరుపొందిన దర్గా ఉన్నది. ఇక ఇరకం అనే దీవి ఉన్నది చూశారూ, అక్కడికి తడ దగ్గర భీములవారిపాలెం రేవులో పడవ ఎక్కి పోవడం వాడుక. బియ్యం మూటలూ, కూరగాయలూ, మనుషులూ అందరికీ పడవే దారి.

సరస్సు చాలాచోట్ల లోతు తక్కువ. గెడతో అడుగు తాకించి పడవను తొయ్యవచ్చు. అంతమాత్రాన భయం లేదనుకోరాదు. 2011 డిసెంబరు 25న, ఇదే సరస్సుకు తమిళనాడు వైపున ఉన్న పళవేర్కాడు దగ్గర, విహారానికి వచ్చిన 25 మందితో పోతున్న పడవ తిరగబడి 22 మంది చనిపోయారు.

పడవ ఎందుకు తిరగబడుతుందో తెలుసుకోవాలంటే మళ్ళీ ఒక గ్రీకువాడినే అడగాలి. ఆర్కిమిడీస్ రెండువేల రెండువందల ఏళ్ళ కిందటే ఆ సంగతి చెప్పాడు: తేలే వస్తువు తన బరువుకు సరిపడా నీటిని పక్కకు తోస్తుంది. ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. పెట్టెలాగా అడుగు చదునుగా ఉండే పడవ, పొడవు 6 మీటర్లు, వెడల్పు ఒకటిన్నర మీటరు అనుకోండి. అది ఒక్క సెంటీమీటరు కిందికి దిగితే 90 లీటర్ల నీరు పక్కకు పోతుంది. అంటే ప్రతి 90 కిలోల బరువుకూ పడవ ఒక సెంటీమీటరు మునుగుతుంది. మనిషి బరువు 60 కిలోలైతే, పదిమంది ఎక్కితే దాదాపు 7 సెంటీమీటర్లు, ఇరవైమంది ఎక్కితే 13 పైనే దిగుతుంది. ఖాళీ పడవ అంచు నీటికి 30 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనుకుంటే, ఇరవైమంది ఎక్కాక మిగిలేది 17 సెంటీమీటర్లే. అది పెద్దవాళ్ళ జానెడు కూడా కాదు!

నీరు నిశ్చలంగా ఉంటే అది చాలు. కాని గాలి లేస్తే? “అదుగో పక్షులు!” అని అందరూ ఒకే పక్కకు జరిగితే? ఆ పక్క అంచు నీటిని తాకుతుంది, నీరు లోపలికి వస్తుంది. వచ్చిన నీరు ఊరుకోదు. వాలిన పక్కకే పారి పడవను ఇంకా వంచుతుంది. నిలబడితే ప్రమాదం మరీ ఎక్కువ, ఎందుకంటే బరువు పైకి పోతుంది.

ఇంగ్లండులో సామ్యూల్ ప్లిమ్‌సాల్ అనే ఆయన పట్టుబట్టగా, ఓడల పక్కన ఒక గీత గీయాలని 1876లో చట్టం చేశారు. ఆ గీత మునిగేంత బరువు ఎక్కించరాదు. ఉప్పునీటిలో కంటె మంచినీటిలో ఓడ కాస్త ఎక్కువ మునుగుతుంది. అందుచేత మంచినీటికి వేరే గీత ఉంటుంది. వాననీరు నిండిన సరస్సులోనూ పడవ అట్లాగే కాస్త ఎక్కువ దిగుతుంది.

ఇప్పుడు తెలిసిందా, టిక్కెట్టు ఎందుకో? అది డబ్బుకు రసీదు మాత్రమే కాదు, తలల లెక్క. ఇన్ని టిక్కెట్లు అమ్మితే ఇక పడవ నిండింది అని దాని అర్థం. ఎవరైనా నీటిలో పడితే ఎంతమంది కోసం వెతకాలో చెప్పేదీ ఆ లెక్కే. కాని చిన్న రేవులలో చాలాచోట్ల టిక్కెట్టు ఉండదు. అక్కడ పడవవాడి కన్నే టిక్కెట్టు. “ఇక చాలు, తరువాతి పడవకు రండి” అని అతను అంటే, పెద్దవాళ్ళు “మేమిద్దరమే కదా, సర్దుకుంటాం” అని బతిమాలతారు. అట్లా బతిమాలడం అతనికి గాని మనకు గాని మేలు కాదు.

కనుక మీరు రేవుకు పోయినప్పుడు మూడు సంగతులు చూడండి. పడవలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. అంచుకూ నీటికీ మధ్య ఎంత ఎడమున్నదో చూడండి. తేలే చొక్కా ఉంటే అడిగి తొడుక్కోండి, ఎక్కాక కదలకుండా కూర్చోండి. లెక్క ఎక్కువగా తోస్తే, “నాన్నా, తరువాతి పడవకు పోదాం” అనండి. మనం కాస్త ఆలస్యంగా వెళ్ళినంత మాత్రాన దీవి ఎక్కడికీ పోదు!